ఏటి ఒడ్డు తీరిక

నాకు తెలిసినంతలో ఇంగ్లీషువాళ్ళు చేపలు పట్టడం గురించి రాసుకున్నన్ని పుస్తకాలు ఇంకే ఆట గురించీ రాసుకోలేదు. అందులోనూ వేసవిలో ఏటి ఒడ్డున నిలబడి ట్రౌట్ చేపని పట్టడం మీద వచ్చినవే ఒక బీరువాకి సరిపోతాయి. ఈ పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఇందులో ఎర్రలుండవు, పిండిముద్దలుండవు. చిన్న గాలపు ముల్లుకి ఈకలు, పట్టుదారం, జంతువుల వెంట్రుకలు చుట్టి, నీటి మీద వాలిన పురుగులా కనపడేట్టు కడతారు. ఆ ఉత్తుత్తి ఈగకి బరువుండదు కనక బరువంతా దారంలోనే ఉంచి, గాలపు కట్టెని వెనక్కీ ముందుకీ ఊపి విసురుతారు. ఈగ నీటి మీద మెత్తగా వాలాలి, చేప నమ్మాలి. ఇంత కష్టపడి పట్టిన చేపని ఈ రోజుల్లో చాలామంది మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారు.

కూటి కోసం కాని ఈ వేట గురించి స్త్రీల పత్రికలో రాయడానికి ఏముందని అడగొచ్చు. నాకు ఆ పుస్తకాల్లో చేప కన్నా ముందు తీరిక కనపడింది. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా, ఇంటికెళ్ళేసరికి ఏం వండాలన్న ఆలోచన లేకుండా, నీళ్ళని చూస్తూ ఒక పూటంతా గడపగలగడం. మన రచయిత్రులు ఇన్నేళ్ళుగా అడుగుతున్నదీ అదే కదా!

జె. డబ్ల్యు. హిల్స్ రాసిన 'ఎ సమ్మర్ ఆన్ ది టెస్ట్' (1924) నేను మే నెలలో జహీరాబాద్‌లో చదివాను. టెస్ట్ దక్షిణ ఇంగ్లండులో ఒక ఏరు. సుద్దరాతి నేలలోంచి ఊరే నీళ్ళు కావటంతో నిండు వేసవిలో కూడా చల్లగా, తేటగా పారుతుంది. ట్రౌట్‌కి ఆ చల్లదనమే ప్రాణం. నీళ్ళ వేడి 20 డిగ్రీలు దాటిందంటే డీలా పడిపోతుంది. మా వేసవి దానికి ఉల్టా. మే వచ్చేసరికి నారింజ వాగులో రాళ్ళు తేలతాయి. ఉత్తరాన న్యాల్‌కల్ వైపు పోతే మంజీర కూడా మడుగులు మడుగులుగా చీలిపోతుంది. ఆ మడుగుల్లో చిక్కుకున్న పరకల కోసం, బురదమట్టల కోసం పిల్లలూ ఆడవాళ్ళూ దిగేది అప్పుడే. చేతుల్తో, గంపల్తో, పాత చీరె ముక్కల్తో. హిల్స్ ఏటిని చూస్తాడు, మావాళ్ళు ఏట్లో ఉంటారు. ఆయన వేసవి పుస్తకమైంది. వీళ్ళ వేసవి రాత్రి కూరైంది.

ఈ తేడాని ఎట్లా చదవాలన్నదానికి నాకు విమర్శ గ్రంథాల కన్నా మా ఊరి పక్కనున్న పస్తాపూర్ ఎక్కువ పనికొచ్చింది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు చిరుధాన్యాల సేద్యానికి పేరుపొందారని చాలామందికి తెలుసు. అదే స్త్రీలు, ఎక్కువమంది దళితులు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో మాచ్‌నూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. కెమెరా కోణాలకి వాళ్ళు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే అది పటేలు షాటు, దొర కూలివాళ్ళని అట్లాగే చూస్తాడు కనక. కింది నుంచి పైకి చూస్తే బానిస షాటు. కళ్ళకి కళ్ళు సమానంగా ఉంటే సంఘం షాటు, సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కనక. దృక్కోణం గురించి ఇంతకన్నా తేలిగ్గా, ఇంతకన్నా పదునుగా చెప్పిన సిద్ధాంతాన్ని నేను ఏ విశ్వవిద్యాలయంలోనూ వినలేదు. క్లాసులో కథనం గురించి చెప్పేటప్పుడు నేను ఈ మూడు మాటలే వాడతాను.

ఈ కళ్ళతో చూస్తే చేపల వేట సాహిత్యంలో అధిక భాగం పటేలు షాటే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో 'ద రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. మన చెరువుల్లో గాలం వేయడం మీద 1887లో విడిగా ఇంకో పుస్తకం. మన నదుల్లోని మహసీర్ చేపల మీద ఆయనకి నిజమైన ప్రేమ ఉంది, కాదనను. అయితే ఈ తరహా పుస్తకాల్లో మన మనుషులు పడవ నెట్టేవాళ్ళు, సామాను మోసేవాళ్ళు. మహసీర్ చాలని వాళ్ళు ట్రౌట్ గుడ్లని సముద్రం దాటించి తెచ్చి 20వ శతాబ్దం మొదట్లో నీలగిరి ఏళ్ళల్లో పిల్లలు చేయించారు. ఇటు నుంచి అటు పోయినవీ ఉన్నాయి. సాల్మన్ చేపలకోసం కట్టే ఖరీదైన విక్టోరియా కాలపు ఈగల్లో మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలు మెరుస్తుంటాయి. ఒక ఈగని విప్పి చూస్తే అందులో ఒక సామ్రాజ్యం ఉంటుంది.

ఆ ఈగని కట్టిన వేళ్ళు ఎవరివి? ఇది అడగగానే పుస్తకాల్లో కనిపించని స్త్రీలు బయటికొస్తారు. అమెరికాలో మేరీ ఆర్విస్ మార్బరీ తండ్రిగారి గాలాల వ్యాపారంలో ఈగలు కట్టే స్త్రీలకి పెద్దగా ఉండేది. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుతో, ఒక్కో తీరుగా కట్టే ఈగలకి ఒక స్థిరమైన రూపం, పేరు ఉండాలని పూనుకుని, దేశమంతటి జాలర్ల ఉత్తరాలు పోగుచేసి 1892లో పెద్ద గ్రంథం అచ్చువేసింది. స్కాట్లండులో మెగాన్ బాయిడ్ (1915-2001) ఒక చిన్న ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని దాదాపు అరవై ఏళ్ళు సాల్మన్ ఈగలు కట్టింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి వేటగాళ్ళో వాటికోసం ఎదురుచూసేవాళ్ళు. ఆమె ఒక్క చేపని కూడా పట్టలేదు, చంపడం ఇష్టం లేక. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం పతకం ఇస్తే, కుక్కని చూసుకునేవాళ్ళు లేరని రాణి దగ్గరికి వెళ్ళలేదట! ఈ చివరి ముక్కని అందరూ ముచ్చటగా చెప్తారు. నాకు మాత్రం ముచ్చట అనిపించలేదు. ఇంట్లో ఒక ప్రాణిని వదిలి ఒక పూట బయటికి పోవడానికి ఎవరున్నారన్న ప్రశ్న ఏ స్త్రీకి కొత్త?

వీటన్నిటికీ ముందు ఇంకో స్త్రీ ఉంది, లేదా లేదు. ఇంగ్లీషులో గాలపు వేట మీద అచ్చయిన మొదటి గ్రంథం 1496 నాటిది. ఏ నెలలో ఏ ఈగ వాడాలో చెబుతూ పన్నెండు ఈగల్ని వివరిస్తుంది. దాన్ని సోప్‌వెల్ మఠాధిపతి డేమ్ జూలియానా బెర్నర్స్ రాసిందని తరతరాలుగా చెప్పుకున్నారు. తర్వాత పండితులు వచ్చి ఆధారాలు లేవన్నారు. ఆధారాలు పలచగా ఉన్నమాట నిజమే. ఆమె ఉండి తీరాలని నేను పట్టుబట్టను. కానీ 1653లో వచ్చిన ఐజాక్ వాల్టన్ని ఆ కళకి తండ్రిగా నిలబెట్టుకున్నవాళ్ళకి, అంతకు ముందే తల్లి అనిపించుకున్న మనిషి ఇట్లా మసకబారడం ఇబ్బందేమీ అనిపించలేదు. మన జానపద సాహిత్యంలో కర్త తెలియని పాట ఎవరిదని అడిగితే 'ప్రజలది' అంటాం. ఆ ప్రజల్లో దంపుతూ, విసురుతూ పాడిన స్త్రీల వాటా ఎంతో ఎవరూ లెక్క తీయరు. అనామకత్వం ఆడవాళ్ళకి కొత్త చిరునామా కాదు.

ఈ సాహిత్యంలో నన్ను నిజంగా కదిలించిన పుస్తకం నార్మన్ మెక్లీన్ 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' (1976). 1992లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ సినిమాగా తీశాడు. మోంటానా రాష్ట్రంలో ఒక పాస్టరు, ఇద్దరు కొడుకులు, 1937 వేసవి, బ్లాక్‌ఫుట్ నది. తండ్రి కొడుకులకి బైబిలూ గాలమూ ఒకే శ్రద్ధతో నేర్పుతాడు. చిన్నవాడు పాల్ గాలం విసరడంలో కళాకారుడు, మిగతా బతుకంతా తాగుడు, జూదం. చివరికి ఎవరో కొట్టి చంపుతారు. అన్న ఆ కథని ముసలితనంలో, తమ్ముణ్ణి కాపాడుకోలేకపోయిన బరువుతో చెప్తాడు. మగవాళ్ళ మధ్య ప్రేమ ఎంత మూగదో ఇంత బాగా చెప్పిన రచన నేను చదవలేదు.

అయినా ఇందులోని స్త్రీలని వరసగా నిలబెట్టి చూడండి. పాల్ స్నేహితురాలు షయాన్ తెగ స్త్రీ. మనకి ఎదురయ్యేదే పోలీసు ఠాణాలో. కథకుడు ఆమెని చరిత్రలోని ఇంకో షయాన్ స్త్రీ పేరుతో పిలుస్తాడు. అత్తగారింటి స్త్రీలు ఎండకి ఒళ్ళు కాల్చుకుని వచ్చిన కొడుక్కి లేపనాలు రాస్తూ కనిపిస్తారు. ఆ కొడుకు నీల్ ఎర్రలతో చేపలు పట్టేవాడు కావడంతో అన్నదమ్ములకి అతనంటే మనిషి కిందే లెక్కలేదు! ఇక్కడ నేను నవ్వుకున్నాను. ఎర్రల డబ్బాతో ఏటికి పోవడమే మనిషి నీచత్వానికి గుర్తయితే, జహీరాబాద్ డివిజన్ అంతా ఆ ఇంటి గడప తొక్కడానికి పనికిరాదు. ఏ ముల్లుకి ఏం గుచ్చావన్నదాని మీద కూడా ఎక్కువ తక్కువలు కట్టగలరని మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చేపల్లోనే వాళ్ళకి వర్ణ వ్యవస్థ ఉంది. చల్లటి నీళ్ళ ట్రౌట్ కులీన. వేసవిలో వేడెక్కిన నదుల్లో, రాళ్ళ సందుల్లో బతికే స్మాల్‌మౌత్ బాస్ చాలాకాలం రెండో రకం. ఈ బాస్ గురించి చదువుతుంటే నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. గులకరాళ్ళని తోకతో ఊడ్చి గూడు చేసేదీ, గుడ్లకీ పిల్లలకీ కాపలా కాసేదీ మగచేప. ఆ కాపలాలో దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తుంది కనక సులువుగా గాలానికి చిక్కుతుంది. పట్టి వదిలేసినా, తిరిగొచ్చేలోపు పిల్లల్ని వేరే చేపలు తినేయొచ్చు. మగవాళ్ళు ఇల్లూ పిల్లల గోలా వదిలి ప్రశాంతత కోసం ఏటికొచ్చి, పిల్లల్ని సాకుతున్న తండ్రిని పట్టుకుంటున్నారన్నమాట! దీని మీద కథ రాసిన మగ రచయిత ఎవరైనా ఉంటే చదవాలని ఉంది.

మెక్లీన్ దగ్గరికి మళ్ళీ వస్తాను. పాల్ చనిపోయిన కబురు విని తల్లి ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తన గదిలోకి వెళ్ళిపోతుంది. మగవాళ్ళూ గాలాలూ తుపాకులూ నిండిన ఆ ఇంట్లో తన పెద్ద కష్టాలన్నీ ఆమె ఒంటరిగానే మోసిందని కథకుడు ఒక్క వాక్యంలో ఒప్పుకుంటాడు. తండ్రి మాత్రం కొడుకు ఏ చేతి ఎముకలు విరిగాయని అడుగుతాడు. కుడిచెయ్యి, గాలం విసిరే చెయ్యి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తండ్రీ కొడుకూ పాల్ గురించి మాట్లాడుకుంటారు. తల్లి మాటని పుస్తకం మళ్ళీ వినదు. మెక్లీన్ నిజాయితీపరుడు కనక ఆ గది తలుపు మనకి చూపించాడు. లోపలికి వెళ్ళే భాష ఆయన దగ్గర లేదు. ఆయన భాషంతా ఏటి దగ్గర నేర్చుకున్నది, ఆ ఏటికి తల్లిని ఎప్పుడూ తీసుకుపోలేదు. ఈ పుస్తకం మీద నా ఫిర్యాదు స్త్రీలు తక్కువగా ఉన్నారని కాదు. దుఃఖానికి ఒక ఏరు ఉండటం కూడా ఆస్తేనని, ఆ ఆస్తిలో తల్లికి వాటా రాలేదని.

మన సాహిత్యం దీనికన్నా మెరుగేమీ కాదు. నన్నయ ఆదిపర్వంలో చదువుకున్న సత్యవతి కథే తీసుకోండి. శాపం వల్ల చేపగా మారిన అద్రిక కడుపులో కవలలు. జాలరులు ఆ చేపని పట్టి కోస్తే మగపిల్లవాడు, ఆడపిల్ల. మగపిల్లవాణ్ణి రాజు ఉంచుకుంటాడు. ఒంటికి చేపల వాసనున్న ఆడపిల్ల దాశరాజు ఇంటికి పోతుంది. వారసత్వ పంపకం మీద ఇంతకన్నా సూటి కథ ఇంకోటి ఉందా? ఆ పిల్ల పెద్దదై యమునలో ఓడ నడుపుతుంది. నదిని చదవగలిగిన, నలుగురినీ గట్టు దాటించగలిగిన పనిమంతురాలు. పరాశరుడు వచ్చి ఇచ్చిన వరమేమిటి? వాసన పోవడం. మత్స్యగంధి యోజనగంధి అయ్యాక ఆమె రాజుకి పనికొచ్చింది. చేసే పని వాసనని ఒంటి మీద నుంచి తుడిచేస్తే తప్ప స్త్రీ కథానాయిక కాదు. ఇప్పటికీ జహీరాబాద్ మార్కెట్లో బూడిద రాసి కొరమీనుని పట్టుకుని, కత్తిపీట మీద పొలుసు తీసిచ్చే బెస్తామెని బస్సులో పక్క సీట్లోవాళ్ళు ఎట్లా చూస్తారో మనకి తెలుసు. కొరమీను 2016లో రాష్ట్ర చేప అయింది. దాన్ని కోసే చేతి వాసన ఇంకా వాసనే.

ఏడు చేపల కథ అందరికీ వచ్చు. రాజుగారి కొడుకులు వేటకి పోయి చేపలు తెస్తారు. ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు, గడ్డిమోపంటే ఆవు, ఆవంటే కాపరి. అన్నం పెట్టనందుకు అవ్వ దోషి అవుతుంది, అవ్వ పిల్లవాణ్ణి చూపిస్తుంది, పిల్లవాడు చీమని. తెలివైన కథ. చివరికి చీమ ఎవరికీ లొంగకుండా ఇచ్చే జవాబు నాకు ఎంతో ఇష్టం. కాని ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చదివితే వేరేది కనిపించింది. వేట ఒక్క వాక్యంలో అయిపోతుంది. రాజకుమారులు చేపలు తెచ్చి పడేసి కథలోంచి వెళ్ళిపోతారు. తర్వాతదంతా ఎండబెట్టడం, మేపడం, వండిపెట్టడం, ఏడ్చే బిడ్డని ఎత్తుకోవడం. కథంతా ఈ చాకిరీలోనే ఉంది. జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం చాకిరీ చేసేవాళ్ళే. చేప ఎండకపోతే దాన్ని తెచ్చినవాణ్ణి ఎవరూ అడగరు.

హిల్స్ గురించి ముందే చెప్పాల్సిన ఒక సంగతి దాచి ఉంచాను. ఆయన వర్జీనియా వుల్ఫ్‌కి బావ. ఆమె సవతి అక్క స్టెల్లాని 1897లో పెళ్ళి చేసుకున్నాడు, కొన్ని నెలలకే ఆమె చనిపోయింది. ఆయన చివరి పుస్తకాల్లో ఒకదాని మీద వుల్ఫ్ 'ఫిషింగ్' అనే వ్యాసం రాసింది, మెచ్చుకుంటూనే. చేపలు పట్టని ఈమెకి ఆ ఉద్వేగం ఎట్లా తెలిసింది? జ్ఞాపకాల్లో జవాబుంది. చిన్నప్పుడు సముద్రంలో గాలం వేయడమంటే ఆమెకి పిచ్చి. ఒకరోజు తండ్రి, చేపలు పట్టడం చూడటం నాకిష్టం లేదు, నువ్వు కావాలంటే వెళ్ళు, ఈసారి నేను మాత్రం రాను అన్నాడట. కోప్పడలేదు, వద్దనలేదు. ఆ తర్వాత ఆమెకి ఆ ఇష్టమే చచ్చిపోయింది. దాన్ని మంచి పాఠంగానే గుర్తుచేసుకుంది వుల్ఫ్. నేను అట్లా చదవలేకపోతున్నాను. 'నీ ఇష్టం' అనే మాటతో ఆడపిల్లని ఆపడం ఎంత సులువో మనందరికీ తెలుసు.

ఆగిపోయిన ఆ గాలం ఆమె రాతలోకి వెళ్ళింది. 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' (1929) మొదట్లో నది ఒడ్డున కూర్చున్న స్త్రీ ఆలోచనని గాలపు దారంలా నీళ్ళలోకి వదులుతుంది. ఒక చిన్న చేప తగులుతుంది. ఆ ఉత్సాహంలో గడ్డి మీద అడుగు వేయగానే కాలేజీ కావలివాడు తరుముతాడు, చేప మాయమవుతుంది. 1931లో ఉద్యోగాలు చేసే స్త్రీలతో మాట్లాడుతూ ఇంకా ముందుకు పోయింది. రాసే స్త్రీ లోతైన చెరువు ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న జాలరి. దారం వేళ్ళ సందుల్లోంచి జర్రున సాగిపోయి, అడుగున గట్టిగా దేనికో తగిలి ఆగుతుంది. ఆ గట్టి వస్తువు ఆడదాని దేహం, దాని గురించి మగవాళ్ళు ఏమనుకుంటారోనన్న భయం. మన కవయిత్రులు 1980ల్లో, 90ల్లో దేహం గురించి రాసినప్పుడు పడిన మాటలు గుర్తున్నవాళ్ళకి ఆ రాయి ఏమిటో విడమర్చి చెప్పనక్కర్లేదు. మూడు షాట్ల లెక్కలో చూస్తే వుల్ఫ్ ఇక్కడ కెమెరాని నీటి అంచు దాకా దించింది. ఆమె చెప్పే జాలరి స్త్రీ, చేప, చెరువు ఒకే ఎత్తున ఉన్నాయి.

ఈ రెండు రచనలూ చెప్పిన రోజున బి.ఏ. అమ్మాయిలని అడిగాను, మీలో ఎంతమంది గాలం వేశారని. సగానికి పైగా చేతులు లేచాయి. వాళ్ళకి తెలిసిన పేర్లు నాకు తెలియవు. జెల్ల ముల్లు ఎట్లా గుచ్చుకుంటుందో, వాన పడిన మర్నాడు ఏ మలుపులో చేప ఎదురెక్కుతుందో గలగలా చెప్పారు. ఇప్పుడు కూడా పోతారా అంటే చేతులన్నీ దిగిపోయాయి. "పెద్దమనిషి అయినంక పోనియ్యలె మేడమ్," అందొకామె. ఇంకొకామెని ఎవరూ ఆపలేదు. "మా నాయిన ఏమనలె. నాకే అదోలెక్క అనిపించింది," అంది. వుల్ఫ్ తండ్రి గుర్తొచ్చాడు. ఊళ్ళో మగపిల్లలు ఇంకా చెరువు కట్ట మీదే ఉన్నారు. వాళ్ళని పనీపాటా లేనివాళ్ళని తిడతారు, కాని లేపరు.

ఆడవాళ్ళ చేతికి కూడా ఒక గాలం ఇస్తే సరిపోతుందనుకునేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. జోన్ వుల్ఫ్ అనే అమెరికన్ 1951లో మగవాళ్ళతో పోటీపడి దారం దూరంగా విసరడంలో గెలిచింది, 1960లో 161 అడుగులు విసిరింది. గొప్ప సంగతే. మా అమ్మాయిలకి విసరడం రాక కాదు. కట్ట మీద ఊరికే కూర్చున్న ఆడదాన్ని ఊరు ఏ పేరు పెట్టి పిలవాలో తెలియకపోవడం వల్ల. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఉండొచ్చు, బిందె ఉండాలి, బట్టల మూట ఉండాలి, చేపల గంప ఉండాలి. వట్టి చేతుల్తో ఉండకూడదు.

ఆ వారం ఇంటి దగ్గర రాసుకురమ్మని ఏడు చేపల కథని ఎవరి వైపు నుంచైనా తిరగరాయమన్నాను. చాలామంది చీమ వైపు రాశారు. ఒకమ్మాయి అవ్వ వైపు రాసింది. చీమ కుట్టిన పిల్లవాణ్ణి చంకనేసుకుని అవ్వ చెరువు కట్ట మీదికి పోయి కూర్చుంటుంది. పిల్లవాడు నీళ్ళు చూసి ఏడుపు ఆపుతాడు. ఇంటి దగ్గర కాపరికి ఆకలవుతోంది, ఆవు అరుస్తోంది, చేప ఎండలేదు. రాత అక్కడితో ఆగింది. తర్వాత ఏమైంది, ఎందుకు రాయలేదని అడిగాను.

"ఇంకా కూసోనే ఉంది మేడమ్," అంది.